ఐదు చెంచాలు తెమ్మంటే గుప్పెడు తెచ్చాడు

ప్రశ్న: మా బాబుకు నాలుగున్నరేళ్లు. ఎల్‌కేజీ చదువుతున్నాడు. మా ఆయన గల్ఫ్‌లో పనిచేస్తారు. బాబు లెక్కల్లో వెనకబడకూడదని ఏడాది చందా కట్టి, ట్యాబ్‌లో చిన్నపిల్లల లెక్కల ఆటల యాప్ ఒకటి పెట్టించారు. రోజూ గంటకు పైగా ఆడతాడు. నలభై లెవెల్స్ దాటాడు. యాభై దాకా అంకెలు గుక్క తిప్పుకోకుండా చెబుతాడు. మొన్న చుట్టాలు వచ్చినప్పుడు, వంటింట్లోంచి ఐదు చెంచాలు పట్టుకురా బిడ్డా అంటే గుప్పెడు తెచ్చి నా ముందు పోశాడు. లెక్కపెట్టు అంటే ఒక్కొక్కటీ ముట్టుకుంటూ తొమ్మిది దాకా తప్పు లేకుండా లెక్కపెట్టాడు. మరి ఐదు ఇవ్వు అంటే మళ్లీ మొత్తం కుప్పను నా వైపు నెట్టాడు. ఈ ట్యాబ్ తీసి అవతల పెట్టు, పిల్లవాడి బుర్ర పాడవుతోంది అని మా అత్తమ్మ అంటోంది. డబ్బు కట్టాం, ఆపొద్దు అని మా ఆయన అంటున్నారు. ఈ ఆటల వల్ల లెక్కలు వస్తాయా, రావా? నేను ఏం చేయాలి? (ఒక తల్లి, జగిత్యాల జిల్లా)

సమాధానం: మీ ఉత్తరంలో చెంచాల సంగతి ఉన్న భాగాన్ని నేను రెండుసార్లు చదివాను. తొమ్మిది చెంచాలను తప్పు లేకుండా లెక్కపెట్టిన పిల్లవాడు వాటిలోంచి ఐదు తీసి ఇవ్వలేకపోవడం పెద్దవాళ్లకు వింతగా కనిపిస్తుంది. మాట వినడం లేదేమోనని, ఆటపట్టిస్తున్నాడేమోనని కూడా అనిపిస్తుంది. అవేవీ కావు. లెక్క నేర్చుకునే దారిలో పిల్లలందరూ దాటే మజిలీ అది, మీ బాబు ఇప్పుడు అక్కడ ఉన్నాడు. ట్యాబ్ వాడి బుర్రను పాడుచేయలేదు. అయితే నలభై లెవెల్స్ ఆడించినా ఆ మజిలీని దాటించలేకపోయింది. ఎందుకు దాటించలేకపోయిందో తెలిస్తే, మీ ముగ్గురి మధ్య నలుగుతున్న ప్రశ్నకు జవాబు అక్కడే దొరుకుతుంది.

లెక్కపెట్టడం అని మనం ఒక్క మాటలో తేల్చేసే పనిలో చాలా పనులు కలిసి ఉన్నాయి. అమెరికాకు చెందిన మనస్తత్వ శాస్త్రవేత్తలు రోషెల్ గెల్‌మన్, సి.ఆర్. గాలిస్టెల్ 1978లో వాటిని విడదీసి చూపించారు. ఒక్కో వస్తువుకు ఒక్కో మాటే పడాలి, దేన్నీ వదలకూడదు, దేన్నీ రెండుసార్లు లెక్కించకూడదు. చెప్పే మాటలు ఎప్పుడూ ఒకే వరుసలో రావాలి. ఆఖరున చెప్పిన మాటే మొత్తం ఎన్ని ఉన్నాయో చెబుతుంది. లెక్కపెట్టేవి చెంచాలైనా చప్పట్లైనా పద్ధతి ఒక్కటే. ఏ చివర నుంచి మొదలుపెట్టినా మొత్తం మారదు. వరుస ముఖ్యం గానీ మాట ఏదైనా ఫరవాలేదనడానికి మన కళ్లాల్లోనే మంచి ఉదాహరణ ఉంది: ధాన్యం కొలిచేటప్పుడు పెద్దలు 'ఒకటి' అనకుండా 'లాభం' అని మొదలుపెట్టి, రెండు, మూడు అని సాగించేవారు. మొదటి మాట మారినా కొలత తప్పేది కాదు, ఎందుకంటే కొలిచిన ప్రతిసారీ ఒక మాట పడేది, వరుస చెదిరేది కాదు. మీ అత్తమ్మకు ఈ సంగతి తెలిసే ఉంటుంది, అడిగి చూడండి.

మీ బాబుకు వీటిలో మొదటి రెండూ బాగా వచ్చాయి. మూడోదే, అంటే ఆఖరి మాటే మొత్తమన్నదే, ఇంకా పట్టుబడలేదు. ఐదు ఇవ్వడమంటే, ఐదు అనే మాటను మనసులో పెట్టుకుని, ఒకటి నుంచి మొదలుపెట్టి, ఆ మాట వచ్చిన చోట తనంతట తాను ఆగడం. కళ్లెదుట ఇంకా నాలుగు చెంచాలు మెరుస్తున్నా ఆగాలి. కరెన్ విన్ అనే పరిశోధకురాలు చిన్నపిల్లల ముందు బొమ్మల కుప్ప పెట్టి, ఇన్ని ఇవ్వు అని అడిగి చూశారు. 1990లో ఆమె ప్రచురించిన ఫలితాల్లో, చక్కగా వరుస తప్పకుండా లెక్కపెట్టగల పిల్లలు కూడా మూడు అడిగినా, ఐదు అడిగినా, లెక్కపెట్టే ప్రయత్నమే చేయకుండా చేతికందినన్ని తీసి ఇచ్చిన సంగతి ఉంది. మీ ఇంట్లో జరిగింది అచ్చం అదే. పిల్లలకు ముందు 'ఒకటి' అంటే ఎంతో తెలుస్తుంది, కొన్ని నెలలకు 'రెండు', ఆ తర్వాత 'మూడు'. ఈ మెట్లు చాలా నిదానంగా ఎక్కుతారు. మూడో నాలుగో అందాక మాత్రం, లెక్కపెడుతూ వెళ్లి అడిగిన మాట దగ్గర ఆగితే చాలన్న కీలకం తెలిసిపోతుంది, ఇక అక్కణ్నుంచి ఆరైనా ఎనిమిదైనా ఇస్తారు. చాలామందికి ఇది నాలుగేళ్లకు కాస్త అటూ ఇటూగా జరుగుతుంది, కొందరికి ఇంకొంత కాలం పడుతుంది. యాభై దాకా అప్పజెప్పడానికీ దీనికీ సంబంధం తక్కువ. అది పద్యం అప్పజెప్పడం లాంటిది, దాని ఉపయోగం దానికి ఉంది.

ఒక వారం పాటు, పరీక్షలా కాకుండా పనుల మధ్య, వేర్వేరు రోజుల్లో వాణ్ని అడిగి చూడండి: రెండు ఉల్లిపాయలు ఇవ్వు, మూడు గిన్నెలు తే, నాలుగు బట్టల క్లిప్పులు అందించు. ఎక్కడిదాకా తడుముకోకుండా ఇస్తున్నాడో, ఎక్కడ గుప్పెడు తీస్తున్నాడో మీకే తెలుస్తుంది. మూడు దాకా సరిగ్గా ఇచ్చి నాలుగు దగ్గర గుప్పెడు తీస్తే, వాడికి ఇప్పుడు నేర్పవలసింది నాలుగు. యాప్‌లో లెవెల్ నలభై అని ఉన్నా, ఇంట్లో వాడి లెవెల్ అదే.

ఇక ఆట సంగతి. క్రితం వేసవి సెలవుల్లో మా మనవరాలు ఇలాంటి ఆటే ఆడుతుంటే పక్కన కూర్చుని చూశాను. తెర మీద మామిడి చెట్టు, కింద బుట్ట. 'బుట్టలో ఏడు పళ్లు వెయ్యి' అని ఒక గొంతు చెప్పింది. పాప ఒక్కో పండునూ వేలితో తాకుతుంటే అది ఎగిరి బుట్టలో పడుతోంది, పడిన ప్రతిసారీ ఆ గొంతే ఒకటి, రెండు అని లెక్కపెడుతోంది. ఏడో పండు పడగానే డప్పులు మోగాయి, నక్షత్రాలు రాలాయి, చెట్టు మీద మిగిలిన పళ్లు మసకబారిపోయాయి. పాప వేలు అప్పటికే ఎనిమిదో పండు మీద ఉంది, రెండుసార్లు నొక్కింది కూడా, అది కదలలేదు. బహుమతి వచ్చింది, తర్వాతి లెవెల్ తెరుచుకుంది. నేను పల్లీలు పళ్లెంలో పోసి, నా చేతిలో ఏడు పెట్టమన్నాను. ఒక్కొక్కటే పెడుతూ ఏడు దాటింది, ఎనిమిది దాటింది, పదో గింజ పెట్టాక నా ముఖంలోకి చూసింది. డప్పులు ఇంకా ఎందుకు మోగలేదని అడుగుతున్నట్టుంది ఆ చూపు.

ఆ ఆటలో లెక్కపెట్టింది గొంతు, ఆపింది యంత్రం. పాప చేసింది కనిపించిన పండునల్లా తాకడం ఒక్కటే. ఎక్కడ ఆగాలి అన్నదే ఆ వయసులో నేర్వవలసిన లెక్క, సరిగ్గా ఆ పనినే ఆట తన చేతుల్లోకి తీసుకుంది. ఇది తయారుచేసినవాళ్ల దురుద్దేశం అని నేను అనను. పిల్లలకు ఓటమి చేదు తెలియకూడదని, ఏడవకుండా ముందుకు సాగాలని అలా చేసి ఉంటారు. కానీ ఫలితం మీ చెంచాల దగ్గర కనిపించింది.

కాబట్టి మీరు ముందుగా చేయవలసిన పని, ట్యాబ్ తీసుకుని ఒక అరగంట మీరే ఆ ఆటలు ఆడి చూడడం. ప్రతి ఆటలోనూ ఒక్కటే గమనించండి: లెక్క చేస్తున్నది పిల్లవాడా, యంత్రమా? అడిగినన్ని వేశాక 'అయిపోయింది' అని తానే ఒక బటన్ నొక్కాల్సిన ఆట మంచిది, ఎందుకంటే ఎక్కువ వేస్తే ఎక్కువే పడతాయి, ఆగే బాధ్యత పిల్లవాడిదే. మూడు జవాబులు చూపించి ఒకటి తాకమనే ఆటలో, తప్పు తాకితే చిన్న శబ్దం వచ్చి మళ్లీ ప్రయత్నించమంటుంటే, పిల్లలు రెండు రోజుల్లో కిటుకు పట్టేస్తారు. మూడింటినీ వరుసగా తాకితే ఏదో ఒకటి కాక తప్పదు గదా! తప్పు చేసినప్పుడు ఎందుకు తప్పో చూపించే ఆట, అంటే ఏడుకు బదులు తొమ్మిది వేస్తే ఆ తొమ్మిదినీ ఏడు గళ్ల పక్కన పేర్చి రెండు మిగిలిపోయాయని కళ్లకు కట్టే ఆట దొరికితే వదలకండి.

బహుమతుల గురించి కూడా ఒక మాట చెప్పాలి. కొన్ని ఆటల్లో రెండు కూడికలు చేస్తే ఒక నిమిషం కారు పందెం ఆడనిస్తారు. అక్కడ లెక్క అంటే కారు కోసం కట్టే సుంకం. ఇంగ్లండ్‌లో జేకబ్ హ్యాబ్‌గుడ్, షారన్ ఐన్స్‌వర్త్ అనే ఇద్దరు పరిశోధకులు దీన్ని చక్కగా పరీక్షించి 2011లో ఫలితాలు ప్రకటించారు. ఒకే ఆటను రెండు రకాలుగా తయారుచేశారు. ఒకదానిలో ఎదురొచ్చే అస్థిపంజరం ఛాతీ మీద ఉన్న సంఖ్యను శేషం లేకుండా భాగించే ఆయుధాన్ని ఎంచుకుంటేనే అది ఓడిపోతుంది, అంటే భాగహారమే యుద్ధం. రెండోదానిలో యుద్ధం వేరు, మధ్యమధ్యలో భాగహారం ప్రశ్నలు వేరు. మొదటి రకం ఆడిన పిల్లలు ఎక్కువ నేర్చుకున్నారు. మీకు నచ్చింది ఆడుకోండి అని వదిలేసినప్పుడు, ఆ మొదటి రకం మీదే ఏడు రెట్లు ఎక్కువ సమయం గడిపారు. వాళ్లు మీ బాబు కంటే పెద్ద పిల్లలు, అయినా ఆ సంగతి చిన్నవాళ్లకూ పనికొచ్చేదే. ఆటలోంచి లెక్కను తీసేస్తే ఆట ఇంకా నడుస్తుందా అని చూడండి. నడిస్తే అందులో లెక్క నేర్చుకునేది తక్కువ.

ఇంత చెప్పినంత మాత్రాన ఆటల వల్ల లెక్కలు రావని నా అభిప్రాయం కాదు. వస్తాయి, గట్టి ఆధారాలే ఉన్నాయి. వాటిలో నాకు అన్నిటికన్నా నచ్చినది ట్యాబ్‌తో సంబంధం లేని ఒక అట్టముక్క ఆట. రాబర్ట్ సీగ్లర్, గీతా రమణి అనే పరిశోధకులు అమెరికాలో పేద కుటుంబాల నుంచి వచ్చిన 124 మంది చిన్నపిల్లలతో ఆడించి, 2008లో దాని ఫలితాలు వెల్లడించారు. ఒకే వరుసలో పది గళ్లు, వాటి మీద 1 నుంచి 10 దాకా అంకెలు. తిప్పుడు చక్రం మీద 1, 2 మాత్రమే ఉంటాయి. పిల్లవాడు ఐదు మీద ఉండగా రెండు పడితే, 'ఆరు, ఏడు' అని పైకి అంటూ బొమ్మను జరపాలి. ఒకటి, రెండు అనకూడదు. ఇంకొందరు పిల్లలు అంకెలకు బదులు రంగులున్న పలక మీద అదే ఆట ఆడారు. రెండు వారాల్లో నాలుగుసార్లు, ఒక్కోసారి పావుగంట ఇరవై నిమిషాలు. అంత కొద్ది ఆటతోనే, అంకెల పలక మీద ఆడిన పిల్లలు ఏ అంకె పెద్దదో చెప్పడంలో, గీత మీద ఏ అంకె ఎక్కడ ఉండాలో చూపడంలో, అంకెలను గుర్తుపట్టడంలో ఎంతో మెరుగుపడ్డారు. తొమ్మిది వారాల తర్వాత చూసినా ఆ తేడా నిలిచే ఉంది. రంగుల పలక మీద ఆడినవాళ్లలో అలాంటి మార్పు రాలేదు.

ఎందుకు పనిచేసిందో ఆలోచిస్తే ఆ ఆట గొప్పతనం తెలుస్తుంది. ఎనిమిదో గడికి చేరాలంటే ఎక్కువసార్లు జరపాలి, ఎక్కువ మాటలు చెప్పాలి, చెయ్యి ఎక్కువ దూరం వెళ్లాలి, ఎక్కువ సేపు పడుతుంది. ఎనిమిది మూడు కంటే పెద్దదన్న సంగతి కంటికీ చెవికీ చేతికీ ఒకేసారి తగులుతుంది. మన వైకుంఠపాళి కూడా ఈ కోవదే గానీ, దానిలో వరుసలు ఒకసారి ఎడమ నుంచి కుడికీ, మరోసారి కుడి నుంచి ఎడమకీ తిరుగుతాయి. పైగా పాము మింగితే అంకెల వరుస తెగిపోతుంది. కాబట్టి నాలుగున్నరేళ్లవాడికి ముందు వాకిట్లో సుద్దముక్కతో పది గళ్లు ఒకే వరుసలో గీసి ఇవ్వండి, వైకుంఠపాళి తర్వాత వస్తుంది. ఇదే సూత్రాన్ని కంప్యూటర్ మీదికి తెచ్చిన ఆటలూ ఉన్నాయి. ఫ్రాన్స్‌లో స్తానిస్లాస్ డెహేన్, ఆనా విల్సన్ తదితరులు 2006లో పరిచయం చేసిన 'నంబర్ రేస్' అలాంటిదే. లెక్కల్లో బాగా ఇబ్బంది పడే పిల్లల కోసం దాన్ని రూపొందించారు. రెండు కుప్పల్లో ఏది పెద్దదో పిల్లలు ఎంచుకోవాలి, ఎంచుకున్నన్ని గళ్లు ముందుకు జరగాలి, ఆట కూడా పిల్లవాడి సత్తాను బట్టి తేలికగానో కష్టంగానో మారుతుంటుంది.

మీ ప్రశ్నకు ఇంకా దగ్గరగా వచ్చే పరిశోధన మన దేశంలోనే జరిగింది. ఢిల్లీలో ప్రథమ్ సంస్థ నడిపే పూర్వప్రాథమిక బడుల్లో మోయిరా డిల్లన్, ఎలిజబెత్ స్పెల్కీ, ఎస్తేర్ డఫ్లో తదితరులు 1540 మంది పిల్లలతో నాలుగు నెలల పాటు లెక్కల ఆటలు ఆడించారు. చుక్కల కుప్పల్లో ఏది ఎక్కువో పోల్చడం, ఆకారాల్లో వేరుగా ఉన్నదాన్ని పట్టుకోవడం లాంటివి. పిల్లలు ఉత్సాహంగా ఆడారు, ఆ నేర్పులు పెరిగాయి, ఏడాది దాటాక కూడా నిలిచాయి. అయితే ఒకటో తరగతికి వెళ్లాక, బడిలో నేర్పే అంకెలు, కూడికల దగ్గర మాత్రం ఆ ఆటలు ఆడినవాళ్లకూ ఆడనివాళ్లకూ తేడా కనిపించలేదు. 2017లో వాళ్లు ఈ రెండు సంగతులనూ దాచకుండా ప్రచురించారు. ఆటలో వచ్చిన నేర్పు తనంతట తాను నడిచి పలక మీదికి రాదు. చుక్కల కుప్పకూ, 'ఐదు' అన్న మాటకూ, 5 అన్న గుర్తుకూ మధ్య ఎవరో ఒకరు వంతెన వేయాలి. మీ బాబు విషయంలో ఆ వంతెన ట్యాబ్‌కూ చెంచాలకూ మధ్య కావాలి.

ఆ వంతెన వేసేవాళ్లు ఇంట్లోవాళ్లే కావచ్చనడానికి కూడా ఆధారం ఉంది. షికాగోలో 587 మంది ఒకటో తరగతి పిల్లలు ఉన్న కుటుంబాలకు ట్యాబ్‌లో ఒక యాప్ ఇచ్చారు. కొందరికి వచ్చిన దానిలో చిన్న కథ, దాని కింద లెక్కల ప్రశ్నలు, మిగతావాళ్లకు వచ్చిన దానిలో లెక్కలు లేని చదువు. పిల్లవాణ్ని ఒంటరిగా కూర్చోబెట్టకుండా, తల్లో తండ్రో పక్కనే ఉండి చదివి మాట్లాడాలన్నది పద్ధతి. 2015లో వచ్చిన ఆ ఫలితాల్లో, లెక్కల యాప్‌ను తరచుగా వాడిన ఇళ్లలోని పిల్లలు ఏడాది చివరికి లెక్కల్లో మెరుగుపడ్డారు. అందరికన్నా ఎక్కువ మేలు జరిగింది, లెక్కలంటే తమకే భయమున్న తల్లిదండ్రుల పిల్లలకు. మీకు లెక్కలు అంతగా రావని సంకోచం ఉంటే దాన్ని పక్కన పెట్టండి. పదిలోపు లెక్కలకు పెద్ద చదువులు అక్కర్లేదు, పక్కన కూర్చునే మనిషి కావాలి.

మీ యాప్ ఏ భాషలో మాట్లాడుతుందో మీరు రాయలేదు, బహుశా ఇంగ్లీషు కావచ్చు. ఆఫ్రికాలోని మలావీలో ట్యాబ్‌తో లెక్కలు నేర్పినప్పుడు పిల్లల సొంత భాష చిచేవాలో నేర్పారు, మంచి ఫలితాలు వచ్చాయి. మన అంకెల మాటల్లో ఒక సౌలభ్యం ఉంది, దాన్ని వదులుకోకండి. పదకొండు, పన్నెండు తర్వాత పదమూడు, పదిహేను, పదహారులో 'పది' వినిపిస్తూనే ఉంటుంది. ఇరవై దాటాక ఇరవై ఒకటి, ఇరవై రెండు, ముప్పై మూడు అని పదుల తర్వాత ఒకట్లు రాసిన వరుసలోనే పలుకుతాం. ఇంగ్లీషులో థర్టీన్, థర్టీ దగ్గర పిల్లలు తడబడేది అక్కడే. బడిలో ఇంగ్లీషు అంకెలు ఎలాగూ వస్తాయి. ఇంట్లో చెంచాలు, గిన్నెలు, మెట్లు మాత్రం తెలుగులో లెక్కపెట్టించండి. ఒకే కుప్పను ఫైవ్ అన్నా ఐదు అన్నా మారదని తెలియడం కూడా లెక్కలో భాగమే.

సమయం విషయంలో మీ అత్తమ్మ మాటే సరైనది. మూడు, నాలుగేళ్ల పిల్లలు కూర్చుని తెర చూసే సమయం రోజుకు గంట మించకూడదని, ఎంత తగ్గితే అంత మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. మన దేశంలో పిల్లల వైద్యుల సంఘం 2021లో ఇచ్చిన సూచనలు కూడా రెండు నుంచి ఐదేళ్ల పిల్లలకు గంటే గరిష్ఠమని, అదీ పెద్దల పర్యవేక్షణలోనేనని చెబుతున్నాయి. టీవీ, ఫోన్‌లో వీడియోలు అన్నీ ఆ గంటలోకే వస్తాయి కాబట్టి లెక్కల ఆటకు పదిహేను, ఇరవై నిమిషాలు చాలు. అన్నం తినేటప్పుడు వద్దు, నిద్రకు ముందు గంటలో వద్దు. ఉన్నట్టుండి లాక్కోకండి. 'ఇంకా రెండు ఆటలు, ఆ తర్వాత ఆపేద్దాం' అని చెప్పి, ఆ రెండూ వాడితోనే లెక్కపెట్టించి ఆపండి.

ఆ ఇరవై నిమిషాలూ మీరు పక్కనే కూర్చోండి. కుదిరితే శబ్దం తగ్గించి, లెక్కపెట్టే గొంతు వాడిదే అయ్యేలా చూడండి. బుట్టలో ఐదు పళ్లు వేయమని ఆట అడిగితే, వాడు తాకబోయే ముందు 'ఎన్ని వేస్తావు, ఎక్కడ ఆగుతావు?' అని అడగండి. ఆట అయిన వెంటనే, ట్యాబ్ మూయకముందే, అదే పనిని నేల మీద చింతగింజలతో చేయించండి. తెర మీద ఐదు, నేల మీద ఐదు, కాగితం మీద 5. వాడు ఎక్కువ ఇస్తే తప్పు అనకండి. 'కలిసి చూద్దాం' అని ఇద్దరూ లెక్కపెట్టి, ఐదు దగ్గర మీ అరచేయి అడ్డం పెట్టి, 'ఇవి ఐదు' అని, మిగతావి వెనక్కి జరపండి. లెక్కపెట్టడం అయ్యాక 'మొత్తం ఐదు' అని ఆఖరి మాటను మళ్లీ ఒకసారి చెప్పడం మరవకండి. మనకు అది అనవసరంగా కనిపిస్తుంది గానీ, చివరి మాటే మొత్తమని పిల్లలకు తెలిసేది ఇలాంటి మాటల వల్లే. నాలుగు దాకా ఉన్న వస్తువులను లెక్కపెట్టకుండానే చూపుతో పట్టుకోగలం కాబట్టి, గవ్వలు వేసి గుప్పిట తెరిచి మూసి 'ఎన్ని?' అని అడిగే ఆట కూడా ఆడించండి.

మీ అత్తమ్మను ఈ పనిలోకి పిలవండి. ఆమెకు వామనగుంటలు వచ్చే ఉంటాయి. గింజలు ఒక్కో గుంటలో ఒక్కొక్కటే పంచుకుంటూ వెళ్లే ఆ ఆటలో ఒక్కో గుంటకు ఒక్కో గింజ అన్న నియమం చేతికి అలవాటవుతుంది. ఏ గుంటలో నాలుగున్నాయో చూపుతో కనిపెట్టాలి, ఎక్కడ ఆగిపోతామో ముందే ఊహించాలి. మొదట పూర్తి ఆట వద్దు, గింజలు పంచడం ఒక్కటీ చాలు. ఇక్కడ చేతిలో గింజలు అయిపోతేనే ఆట ఆగుతుంది, ఆగినట్టు వాడే చూస్తాడు. ట్యాబ్ మీద ఆమెకున్న కోపం, మనవడు ఆమె పక్కన కూర్చుని గుంటల్లో గింజలు పోస్తుంటే కొంత తగ్గుతుందని నా ఆశ.

రేపటికే ఐదు చెంచాలు సరిగ్గా తెస్తాడని ఎదురుచూడకండి, కొన్ని నెలలు ఇవ్వండి. ఒకటో తరగతి సగం గడిచాక కూడా మూడు నాలుగు వస్తువులు అడిగితే ఇవ్వలేకపోతుంటే, లేక మాటలు, చూపు, వినికిడి విషయంలో మీకు అనుమానం ఉంటే, అప్పుడు పిల్లల వైద్యుడికి చూపించండి. ఇప్పుడు మీరు రాసినదానిలో అలాంటి సూచన నాకేమీ కనిపించలేదు.

మీ ఆయన కట్టిన చందా వృథా కానవసరం లేదు. వంతెన వేసే పనిలో కొంత భాగం ఆయనకూ ఇవ్వండి. రాత్రి వీడియో కాల్‌లో బాబు ముందు చింతగింజల గిన్నె పెట్టండి. 'నాలుగు చూపించు నాన్నా' అని ఆయన అడగాలి, వాడు తీసి అరచేతిలో పెట్టుకుని కెమెరా ముందు చూపించాలి. ఇద్దరూ కలిసి లెక్కపెట్టాలి. నాలుగు తడుముకోకుండా వచ్చాక ఐదుకు వెళ్లండి. ఒక్క సంగతి ఆయనకు ముందే గట్టిగా చెప్పండి: వాడు గింజలు తీస్తున్నంతసేపూ మాట్లాడకూడదు, తల ఊపకూడదు, నాలుగోది పడగానే 'శభాష్' అనకూడదు. వాడు చెయ్యి ఆపి, 'అయిపోయింది డాడీ' అని తానే చెప్పేదాకా ఆగాలి.